తుఫాను నెలకు ముందే ఇంజను పంపు గ్లాండు మార్పిడి

ఉద్దానం తీరంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఇసుక నేలలు పడిన వానను పడినట్టే కిందికి వదిలేస్తాయి గనుక, వర్షాలు వెనుదిరిగాక కొబ్బరి పాదులకూ కూరగాయల మడులకూ తడి అందించే భారం చాలావరకు నేలనూతుల మీదే పడుతుంది. టెక్కలి, నందిగాం వైపు వంశధార ఎడమ కాలువ చివరి భూములలో వరి పొట్టకు వచ్చే రోజుల్లో కాలువ నీరు అందకపోతే, గెడ్డ గట్టునో చెరువు గట్టునో ఇంజను పెట్టి నీరు తోడుకోక తప్పదు. తుఫానులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి; తిత్లీ తరువాత కరెంటు స్తంభాలు కూలి ఎన్నో పల్లెలు రోజుల తరబడి చీకటిలో ఉన్నప్పుడు మోటార్లు ఉన్నా నీరు పైకి రాలేదు. అందువల్ల వానలు కురుస్తూ ఇంజను ఊరకే ఉండే సెప్టెంబరు నెలే దాని పంపును విప్పి సరిచూసుకోవడానికి తగిన సమయం.

పంపులో నీటిని విసిరే చక్రాన్ని ఇంపెల్లరు అంటారు. దానిని తిప్పే షాఫ్టు పంపు పెంకులోకి, అంటే కేసింగులోకి, ప్రవేశించే చోట నీరు బయటికీ గాలి లోపలికీ పోకుండా అడ్డుకొనే ఏర్పాటే షాఫ్టు సీలు. వ్యవసాయ పంపుల్లో ఇది ఎక్కువగా గ్లాండు రూపంలో ఉంటుంది: షాఫ్టు చుట్టూ ఉండే స్టఫింగ్ బాక్సు అనే గూటిలో గ్రాఫైటు పట్టించిన అల్లిక తాడును చుట్లుగా కూర్చి, వాటిని గ్లాండు అనే బిళ్ళతో, రెండు బోల్టులతో నొక్కి ఉంచుతారు. షాఫ్టు అరగకుండా దాని మీద స్లీవు అనే లోహపు తొడుగు ఉంటుంది.

గ్లాండు నుంచి నీటి చుక్కలు పడటం లోపమని భావించి బోల్టులను బలంగా బిగించడం ఈ ప్రాంతంలో పంపులను పాడుచేస్తున్న అలవాటు. తాడుకూ స్లీవుకూ మధ్య పలుచని నీటిపొర ఉన్నంతవరకే రాపిడి వేడి చల్లారుతుంది. నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడటం ఆరోగ్యకరమైన గ్లాండుకు గుర్తు. చుక్క ఆగేదాకా బిగిస్తే తాడులోని జిడ్డు ఎండిపోయి తాడు గట్టిపడుతుంది, ఇసుక రేణువులు అందులో ఇరుక్కొని స్లీవును ఆకురాయిలా కోస్తాయి, ఇంజనుకు బరువు పెరిగి డీజిలు ఎక్కువ కాలుతుంది. ఇలా గాళ్ళు పడిన స్లీవు మీద ఎంత మంచి తాడు చుట్టినా నీరు ఆగదు. కాబట్టి పంపు విప్పినప్పుడు మొదట చూడవలసింది తాడును కాదు, స్లీవును. గోటితో అడ్డంగా గీసినప్పుడు గోరు గాళ్ళలో తట్టుకుంటే స్లీవును మార్చవలసిందే. తీరపు నూతుల్లో ఉప్పదనం ఉన్న చోట మామూలు ఇనుముకన్నా స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గన్‌మెటల్ స్లీవు ఎక్కువ కాలం మన్నుతుంది.

పాత తాడు మీదే కొత్తగా ఒక చుట్టు వేసి సరిపెట్టడం కూడా మానుకోవలసిన పని. పాత చుట్లన్నిటినీ కొక్కెంతో లాగివేసి, గూటిని శుభ్రం చేసి, స్లీవు బయటి వ్యాసాన్ని గూటి లోపలి వ్యాసం నుంచి తీసివేసి సగం చేస్తే కావలసిన తాడు మందం వస్తుంది. గూడు 60 మిల్లీమీటర్లు, స్లీవు 40 మిల్లీమీటర్లు ఉంటే తాడు 10 మిల్లీమీటర్లది కావాలి. స్లీవుకున్నంత వ్యాసం గల కడ్డీ మీద తాడును చుట్టి పదునైన కత్తితో కోసి విడివిడి కడియాలుగా చేసుకోవాలే తప్ప, ఒకే తాడును మెలిక తిప్పుతూ లోపలికి కుక్కకూడదు, ఎందుకంటే ఆ మెలిక వెంబడే నీరు దారి చేసుకొంటుంది. ప్రతి కడియాన్నీ విడిగా లోపలికి నెట్టి కూర్చోబెట్టి, ఒకదాని అతుకు మరొకదాని అతుకుకు ఎదురు రాకుండా పావు చుట్టు జరుపుతూ పోవాలి. కొన్ని పంపుల్లో కడియాల నడుమ రంధ్రాలున్న లోహపు కడియం ఉంటుంది. దానిని లాంటర్న్ రింగు అంటారు. గ్రీజు గానీ నీరు గానీ వచ్చే రంధ్రానికి అది సరిగ్గా ఎదురుగా లేకపోతే గ్లాండు గాలి లాగి, పీల్చే గొట్టం అడుగున ఉండే ఫుట్ వాల్వు బాగున్నా పంపు నీరు ఎత్తదు.

తాడుకు బదులు మెకానికల్ సీలు ఉన్న పంపులూ ఉన్నాయి. అందులో కార్బన్ ముఖం, సిరామిక్ ముఖం స్ప్రింగు ఒత్తిడితో ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. చుక్క పడదు, బిగించే పనీ లేదు. అయితే ఇసుకతో వచ్చే నీటిలో ఆ నునుపు ముఖాలు త్వరగా గీతలు పడతాయి, నీరు లేకుండా నడిస్తే కొద్దిసేపట్లోనే పగులుతాయి, పాడైతే మొత్తం సీలు మార్చాలి. రైతు తన చేతితో, ఊళ్ళోనే బాగుచేసుకోగల తాడు గ్లాండే ఉద్దానం నేలనూతులకు తగినది. మెకానికల్ సీలు బిగించవలసి వస్తే ముఖాలను చేతితో తాకకుండా, రబ్బరు భాగాలకు గ్రీజు బదులు సబ్బునీరు రాసి ఎక్కించాలి.

తిరిగి బిగించేటప్పుడు ఇంపెల్లరును షాఫ్టుకు పట్టి ఉంచే కీని, అంతకుముందున్నంత మందం గల గాస్కెట్టును వాడి, షాఫ్టు చేతితో తేలికగా తిరుగుతున్నదో లేదో చూడాలి. గ్లాండుకూ బేరింగుకూ మధ్య షాఫ్టు మీద ఉండే చిన్న రబ్బరు కడియాన్ని చాలామంది పారేస్తారు. కారే చుక్కలను విసిరివేసి బేరింగులోకి పోకుండా కాపాడేది అదే. ఒంటి సిలిండరు ఇంజను అదురుకు ఇసుక మీది చట్రం కుంగుతుంది గనుక ఇంజను, పంపు కప్లింగుల మధ్య సందును నాలుగు వైపులా కొలిచి సమం చేయాలి. ఈ సమం తప్పితే కొత్త తాడు కొద్ది వారాలు కూడా నిలవదు.

పంపు ఆచరణలో 6, 7 మీటర్లకు మించి నీటిని పీల్చలేదు గనుక వేసవిలో నూతి నీరు కిందికి దిగినప్పుడు గొయ్యి తవ్వి ఇంజనును దించుతారు. అలాంటి గోతిలో ఇంజను నడుస్తుండగా గ్లాండు సరిచేయడానికి మనిషి దిగితే పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఇంజనును ఆపి, గాలి ఆడనిచ్చి, గట్టు మీద మరొకరు కాపు ఉండగానే దిగాలి.

కొత్త తాడు వేశాక గ్లాండు నట్లను వేళ్ళతో మాత్రమే బిగించి, పంపును నీటితో నింపి, మొదట ధారగా కారనిస్తూ పావుగంట నడపాలి. ఆ తరువాత రెండు నట్లనూ సమానంగా, ఒక్కో పలక చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగి, ధార చుక్కలుగా మారిన చోట నిలపాలి.