జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

వానలు ముదిరేసరికి మా స్టాఫ్ క్వార్టర్సులో ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో మోగుతాయి. “అక్కా, ప్లేట్‌లెట్లు ఎనభై వేలకొచ్చాయి, ఏం చేయమంటారు?” మావారు మన బ్యాంకు ఉద్యోగి, నేను ఒక నర్సింగ్ కళాశాలలో పాఠాలు చెప్తాను. డాక్టరు గదిలో అడగడానికి మొహమాటపడిన ప్రశ్నలన్నీ అందుకే నా దగ్గరికి వస్తాయి. “జ్వరం మొదలై ఎన్నో రోజు? పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళాడు?” అని నేను ఎదురు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ప్లేట్‌లెట్ల అంకె అందరి నాలుక మీదా ఉంటుంది.

మన సిబ్బంది పిల్లల్లో బీఎస్సీ నర్సింగ్ చేరినవారు ఉన్నారు. రెండో ఏడాదిలో వాళ్ళను భయపెట్టేది పాథాలజీ. కణం, కణానికి జరిగే హాని, ఇన్‌ఫ్లమేషన్, రోగనిరోధక శక్తి అంటూ అధ్యాయాలు వరసగా వస్తాయి. విడివిడిగా బట్టీ పడితే పరీక్ష మర్నాటికి ఏదీ మిగలదు. నేను ఆ అధ్యాయాలన్నిటినీ ఒక్క డెంగీ రోగి మంచం పక్కన కూర్చోబెట్టి చెప్తాను. ఈ వ్యాసం ముందుగా ఆ పిల్లల కోసం. ఇంట్లో జ్వరంతో పడుకున్నవారిని కనిపెట్టుకుని ఉండే అమ్మానాన్నలకు కూడా ఇందులో పని ఉంది.

కణం చేసే ఖర్చు

1858లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఒక మాట గట్టిగా చెప్పాడు. జబ్బు ఎక్కడుందో వెతకాలంటే కణంలో వెతకాలి అన్నాడు. అప్పటిదాకా ఒంట్లోని రసాలు హెచ్చుతగ్గులైతేనే జబ్బు వస్తుందని నమ్మేవారు. మనం ఇప్పుడు చదివే పాథాలజీ అంతా ఆ మాట మీదే నిలబడింది.

ఆరోగ్యంగా ఉన్న కణం ఊరికే కూర్చోదు. దాని పొరలో సోడియం–పొటాషియం పంపులు రాత్రింబగళ్ళు నడుస్తుంటాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తాయి. ఆ విడతకు ఒక ఏటీపీ ఖర్చవుతుంది. (మా తరగతిలో బ్యాంకు వారి అమ్మాయి ఒకతె దీన్ని ఎప్పుడూ ఏటీఎం అనే చదివేది. అర్థం మాత్రం సరిగ్గానే పట్టుకుంది.) ఆక్సిజన్ అందుతున్నంత కాలం మైటోకాండ్రియా ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు తీస్తుంది. ఆక్సిజన్ అందకపోతే కణం చేతికి వచ్చేవి రెండే. పైగా లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది.

రాబడి అంతగా పడిపోతే ముందు పంపులు మందగిస్తాయి. సోడియం లోపలే ఉండిపోతుంది, దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బుతుంది. ఈ దశలో రక్తం మళ్ళీ అందితే కణం కోలుకుంటుంది. ఆలస్యమైతే పొర చిరిగి, లోపలి ఎంజైములు రక్తంలో కలుస్తాయి. కాలేయ కణాలు అలా దెబ్బతిన్నప్పుడు రిపోర్టులో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి కనిపిస్తాయి. డెంగీలో వైరస్ కూడా కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తుంది కనుక ఇవి తరచుగా పెరుగుతాయి.

కోలుకోగల కణానికీ, కోలుకోలేని కణానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే నర్సు చేసే పని ఉంది. డెంగీలో కణాలకు రక్తం అందకపోవడానికి కారణం చాలామంది అనుకునే రక్తస్రావం కాదు.

నెత్తురు పైకి కారదు

మన శరీరంలో అతి సన్నని రక్తనాళాలు కేశనాళికలు. వాటి గోడ ఒకే ఒక్క వరస కణాలతో కట్టినది. దాన్ని ఎండోథీలియం అంటారు. ఆ కణాల లోపలి వైపున చక్కెర పదార్థాలు, ప్రోటీన్లు కలిసిన పలుచని పూత ఉంటుంది. దాని పేరు గ్లైకోకాలిక్స్. గుండె తోసే ఒత్తిడి నీటిని గోడ దాటించి బయటికి నెడుతుంది. రక్తంలోని ఆల్బుమిన్ ఆ నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. ఈ లాగుడును 1896లో ఇంగ్లండులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ వివరించాడు. గోడ గట్టిగా ఉండి ఆల్బుమిన్ లోపలే ఉన్నంతకాలం లెక్క సరిపోతుంది.

డెంగీలో ఈ గోడే వదులవుతుంది. వైరస్ సోకిన కణాలు ఎన్‌ఎస్‌1 అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. మనం చేయించుకునే ఎన్‌ఎస్‌1 పరీక్ష వెతికేది దీన్నే. అది గ్లైకోకాలిక్స్‌ను చెరిపేస్తుంది. మన రక్షణ కణాలే విడుదల చేసే సైటోకైన్లు గోడ కణాల మధ్య అతుకులను సడలిస్తాయి. ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఆల్బుమిన్‌ను వెంటబెట్టుకుని బయటికి జారుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరుతుంది. ఒక్క చుక్క నెత్తురు పైకి కనబడదు. మనిషి ఒంట్లో నీరు ఒంట్లోనే ఉంది, కానీ నాళాల్లో లేదు.

ద్రవం జారిపోయినా ఎర్రకణాలు లోపలే ఉంటాయి కదా. పొయ్యి మీద చారు మరిగిన కొద్దీ చిక్కబడినట్టు రక్తం చిక్కబడుతుంది. దాన్ని కొలిచేదే హెమటోక్రిట్, రిపోర్టులో పీసీవీ అని కూడా రాస్తారు. మొదటి రోజు 36 ఉన్న పీసీవీ 43 దాటిందంటే 20 శాతం పెరిగినట్టు. ప్లాస్మా బాగా కారుతోందని దాని అర్థం. ప్లేట్‌లెట్ల పక్కనే, అదే కాగితం మీద ఉండే ఈ అంకెను ఎవరూ ఫోన్లో చెప్పరు.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయంటే, ఎముక మజ్జలో తయారీ కొంతకాలం మందగిస్తుంది, తయారైనవి త్వరగా నశిస్తాయి. ఆ తగ్గుదల జబ్బు ముదిరే దశ దగ్గరపడిందని చెప్పే గుర్తు. అంతవరకే దాన్ని పట్టించుకోవాలి. రక్తస్రావం లేని పెద్దలకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం ఆగుతుందా అని సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. లాభం కనిపించలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి. రక్తస్రావం ఉంటే సంగతి వేరు, అది డాక్టరు నిర్ణయం. అర్ధరాత్రి దాతల కోసం వాట్సాప్ గ్రూపులన్నీ గాలించే ముందు “పీసీవీ ఎంత?” అని అడగండి. బొప్పాయి ఆకు రసం గురించి కూడా నన్ను అడుగుతారు. అది కారుతున్న గోడను మూయదు. అసలే వాంతులవుతున్న పిల్లాడి చేత ఆ చేదు మింగిస్తే, తాగిన నాలుగు గుక్కల మజ్జిగ కూడా బయటికి వస్తుంది.

రక్షణ దళం

ఏడిస్ దోమ కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. చర్మంలో కాపలా ఉండే డెండ్రిటిక్ కణాలకే వైరస్ ముందుగా సోకుతుంది. సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ విడుదల చేసి పక్క కణాలను హెచ్చరిస్తాయి. మరికొన్ని సైటోకైన్లు మెదడులోని హైపోథాలమస్‌కు కబురు చేరవేస్తాయి. అక్కడ ప్రోస్టాగ్లాండిన్ తయారై, శరీరం ఉంచుకోవలసిన వేడి స్థాయిని పెంచుతుంది. ఒళ్ళు కాలుతున్నా రోగి దుప్పటి కావాలంటాడు కదా, కారణం ఇదే. కొత్త స్థాయితో పోలిస్తే అతనికి తన ఒళ్ళు చల్లగానే ఉన్నట్టు అనిపిస్తుంది. వణుకు ఆ తేడాను పూడ్చే ప్రయత్నం.

పారాసెటమాల్ ఆ స్థాయిని కిందికి దించుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, రెండు మాత్రల మధ్య ఆరు గంటల ఎడం ఉంచి వేయాలి. కాలేయం ఇప్పటికే దెబ్బతిని ఉందని మరువకూడదు. ఒళ్ళు నొప్పులు భరించలేక ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. అవి మిగిలిన ప్లేట్‌లెట్లను కూడా సరిగా పనిచేయనివ్వవు, కడుపులో పొరను గాయపరుస్తాయి.

ఇదంతా పుట్టుకతో వచ్చిన రక్షణ. నేర్చుకునే రక్షణకు వ్యవధి కావాలి. బి కణాలు ఐజీఎమ్ యాంటీబాడీలను లెక్కకు అందేంతగా తయారుచేసేసరికి సుమారు అయిదో రోజు అవుతుంది. రెండో రోజున ఐజీఎమ్ పరీక్ష చేయించి, లేదని వచ్చిందని ఊపిరి పీల్చుకోవడంలో అర్థం లేదు. మొదటి నాలుగైదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 పరీక్షే పనికొస్తుంది.

యాంటీబాడీలు, టి కణాలు రంగంలోకి దిగాక రక్తంలో వైరస్ తగ్గుతుంది. వైరస్ తగ్గితే జ్వరం దిగుతుంది. కానీ రక్షణ దళం రేపిన సైటోకైన్ల తుఫాను సరిగ్గా అప్పుడే పతాక స్థాయిలో ఉంటుంది, గోడ ఎక్కువగా కారేదీ అప్పుడే. జ్వరం దిగిన రోజూ, ప్రమాదం మొదలయ్యే రోజూ ఒకటే కావడానికి కారణం ఇది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగిలిన మూడింటి నుంచి రక్షణ కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం వస్తే పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు. పట్టుకున్నదాన్ని మింగడం మాక్రోఫేజ్ కణాల అలవాటు. అలా మన కాపలాదారే దొంగను భుజం మీద మోసుకొచ్చి ఇంట్లో దింపినట్టవుతుంది. వైరస్ ఆ కణంలోనే వృద్ధి చెందుతుంది. 1960లలో బ్యాంకాక్ పిల్లల్లో తీవ్ర డెంగీని పరిశీలించిన స్కాట్ హాల్‌స్టెడ్ ఈ సంగతిని ముందుకు తెచ్చాడు. క్యూబాలో 1977లో ఒకటో రకం వ్యాపించింది, 1981లో రెండో రకం వచ్చింది. రెండోసారి తీవ్రంగా దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది మొదటిసారి సోకినవారే. ఏడాదిలోపు పసివారికి మొదటిసారికే ప్రమాదం ముంచుకురావచ్చు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి తగ్గి, ఇదే పని చేస్తాయి.

ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకు డెంగీ టీకా వేయడం మొదలుపెట్టి, 2017 చివర ఆపేయవలసి వచ్చింది కూడా ఈ కారణంగానే. అంతకుముందు డెంగీ సోకని పిల్లలకు ఆ టీకా మొదటి ఇన్‌ఫెక్షన్‌లా పనిచేసి, తర్వాత వచ్చే డెంగీ తీవ్రమయ్యే అవకాశాన్ని పెంచింది.

అందుకే కేసు షీటు రాసేటప్పుడు “ఇంతకుముందు డెంగీ వచ్చిందా? ఎప్పుడు?” అన్నది తప్పక అడగాలి. మన దేశంలో నాలుగు రకాలూ తిరుగుతున్నాయి. మూడేళ్ళకో ఊరు మారే మన బ్యాంకు కుటుంబాలు పాత ఊళ్ళో వచ్చిన జ్వరం కాగితాలను కూడా సామానుతో పాటు తెచ్చుకోవడం మంచిది.

మంచం పక్కన

ప్రమాద దశ సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే సమయంలో వస్తుంది. 24 నుంచి 48 గంటలు ఉంటుంది. ఆ గంటల్లో నర్సు బీపీలో పై అంకెను చూసి ఊరుకోకూడదు. నా విద్యార్థులకు నేను ఇచ్చే లెక్క ఇది. ఉదయం 110/70. మధ్యాహ్నం 100/84. పై అంకె వంద ఉంది కదా అని చార్టులో వేసి వెళ్ళిపోతే పెద్ద ప్రమాదం. రెండింటి మధ్య తేడా 40 నుంచి 16కు పడిపోయింది. ద్రవం తగ్గేసరికి శరీరం చేతులు, కాళ్ళ రక్తనాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్ళించుకుంటోంది. కింది అంకె పెరిగింది అందుకే. తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే షాక్ కిందే లెక్క, పై అంకె ఎంత ఉన్నా సరే.

ఇంకో మోసం ఉంది. మెదడుకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి ఈ దశలో రోగి చక్కగా మాట్లాడతాడు. “జ్వరం లేదు, బాగానే ఉన్నాను, ఇంటికి వెళ్దాం” అంటాడు. అతని మాట వినండి, కానీ చెయ్యి పట్టుకుని చూడండి. అరచేతులు, పాదాలు చల్లగా, చెమ్మగా ఉన్నాయా? గోరును నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పడుతోందా? నాడి వేగంగా, బలహీనంగా ఉందా? ఇవన్నీ అంకెల కన్నా ముందు తెలుస్తాయి.

ఇంట్లో ఉన్నవారు చూడవలసినవి వేరే. పొట్టలో తగ్గని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళు, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడి ఉండటం లేదా కారణం లేని చిరాకు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అంతకుముందు రోజుల్లో ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొద్దికొద్దిగా, తరచుగా పట్టాలి. వట్టి నీళ్ళే పడితే లవణాలు పలచబడతాయి. తాగినదీ, మూత్రంగా పోయినదీ ఒక కాగితం మీద టైముతో సహా రాసిపెడితే ఆసుపత్రిలో నర్సుకు సగం పని తగ్గుతుంది.

గోడ మళ్ళీ బిగిశాక, తర్వాతి రెండు మూడు రోజుల్లో బయటికి కారిన ప్లాస్మా నాళాల్లోకి తిరిగి వస్తుంది. ఆకలి వేస్తుంది, మూత్రం ధారాళంగా వస్తుంది, పీసీవీ దిగుతుంది. కొందరికి ఎర్రబడిన చర్మం మీద మధ్యమధ్య తెల్లటి మచ్చలతో దద్దు లేచి దురద పెడుతుంది. చాలామంది దీన్ని చూసి కంగారుపడతారు గానీ ఇది కోలుకుంటున్న గుర్తు. కొత్త నర్సులు జాగ్రత్తగా ఉండవలసినది సెలైన్ దగ్గర. లోపలికి తిరిగి వస్తున్న ద్రవానికి సీసాలోది కూడా తోడైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. మూత్రం బాగా వస్తూ, నాడి నెమ్మదించి, శ్వాస మాత్రం వేగంగా ఉందంటే డ్రిప్ వేగం గురించి డాక్టరును వెంటనే అడగాలి.