కామినీరాయ్ గారి కవితాజీవితము

వంగదేశమున కావ్యరచనచే ప్రఖ్యాతిగాంచిన స్త్రీలలో అగ్రగణ్యురాలగు కామినీరాయ్ 1864 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీని బాకర్‌గంజ్ మండలములోని బసండా గ్రామమున జన్మించెను. తండ్రి చండీచరణ్ సేన్ న్యాయాధిపతి, గ్రంథకర్త, బ్రహ్మసామాజికుడు. బాల్యమున ఈమెకు గణితమునందు గల ప్రజ్ఞను చూచి గురువు లీలావతి యని పిలుచుచుండెనట. భాస్కరాచార్యుని గ్రంథము నెరిగిన చదువరులకు ఆ పేరిలోని గౌరవమును వేరుగ చెప్పనక్కరలేదు.

కలకత్తాలోని బెథూన్ కళాశాలయందు చదివి, 1886 లో సంస్కృతమున ఆనర్సుతో బి. ఏ. పట్టమును పొందెను. చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీ 1883 లోనే పట్టభద్రలై త్రోవ చూపిరి గాని, ఆనర్సు నందిన స్త్రీ అంతకుమున్ను మనదేశమున లేదు. పిదప ఆ విద్యాలయముననే ఉపాధ్యాయినిగ కుదిరెను.

1889 లో "ఆలో ఓ ఛాయా", అనగా వెలుగునీడలు, అను ప్రథమకావ్యము వెలువడెను. ప్రసిద్ధకవి హేమచంద్ర బంద్యోపాధ్యాయుడు దానికి పీఠిక వ్రాసెను; కవయిత్రి పేరు మాత్రము అందు ప్రకటింపబడలేదు. కారణమేదైనను, విశ్వవిద్యాలయపు పట్టముపై వెలసిన పేరు కావ్యముపై వెలయకపోవుట మమ్ము ఆలోచింపజేయుచున్నది.

1894 లో కేదారనాథ్ రాయ్‌ను వివాహమాడిన పిమ్మట కలము మందగించెను. ఎవరో ప్రశ్నింపగా, తన బిడ్డలే తన సజీవకావ్యములని బదులు పల్కెనట. ఈ మాటను మెచ్చువారే హెచ్చు. మేమట్లు మెచ్చజాలము. బిడ్డలను ప్రేమించుటకై కావ్యమును విడువవలెనను నియమము పురుషకవులకు విధింపబడినట్లు మేమెరుగము గదా! 1909 లో భర్త గతించెను; పిదప కుమారుడగు అశోకుడును మరణించెను. ఆ దుఃఖమునుండి 1914 లో "అశోకసంగీత" మను కావ్యము పుట్టెను. శోకము లేనిదను అర్థమునిచ్చు పేరే శోకకావ్యమునకు శీర్షిక యగుట దైవఘటన.

ఆమె శోకముననే నిలిచిపోలేదు. 1921 లో బంగీయ నారీసమాజముతో చేరి స్త్రీలకు వోటుహక్కు కావలెనని పాటుపడెను. ఆ యేటనే మన చెన్నపురి శాసనసభ ఆ హక్కు నంగీకరింపగా, విద్యాధికులు నిండిన వంగశాసనసభ త్రోసివేసెను! 1925 లో గాని అచ్చట తీర్మానము నెగ్గలేదు; నెగ్గినను పరిమితమైన హక్కే. 1922-23 లో స్త్రీకార్మికుల స్థితిని విచారించు సంఘమున ఈమె సభ్యురాలుగ నుండెను. కలకత్తా విశ్వవిద్యాలయము 1929 లో జగత్తారిణీ స్వర్ణపతకము నొసగెను.

1933 సెప్టెంబరు 27 వ తేదీని ఆమె దేహము చాలించెను. అంతకు పదియేండ్లు మున్ను, తన పుట్టినసీమయగు బరిసాలునకు పోయినప్పుడు, అచ్చట కవిత్వమల్లుచున్న పండ్రెండేండ్ల ప్రాయపు మహమ్మదీయ బాలికను చూచి, వ్రాయుట మానవలదని ప్రోత్సహించెను. ఆ బాలికయే తరువాత సూఫియా కమాల్ అను పేర ప్రసిద్ధికెక్కి, 1999 లో మరణించు వరకును వంగభాషకు సేవచేసెను.