అణు క్షిపణులను విప్పేదెలా?

మీ ఇంట్లో నాన్నగారినో, తాతగారినో ఒక ప్రశ్న అడగండి. "పాశర్లపూడి మంట మీకు గుర్తుందా?" అనండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఆ రోజులు చూసినవారు ఆ మాట వినగానే కథ మొదలుపెడతారు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర సహజవాయువు కోసం తవ్వుతున్న బావిలోంచి వాయువు అదుపు తప్పి పైకి ఎగదన్నింది. అంటుకుంది. రెండు నెలలకు పైగా మండింది. దాన్ని ఆర్పడానికి మన ఇంజనీర్లతో పాటు అమెరికా నుండి కూడా నిపుణులు వచ్చి పనిచేశారు. చివరకు మార్చి నెలలో మంట ఆరింది.

ఒక దేశంలో వచ్చిన ఆపదను ఆర్పడానికి వేరొక దేశంవారు రావడం వింతేమీ కాదని కోనసీమవారికి అలా తెలిసింది. సరిగ్గా అవే నెలల్లో, మనకు వేల కిలోమీటర్ల దూరంలో, ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద ఆపదను ఆర్పే పని జరుగుతున్నది. అక్కడ మంట ఇంకా లేవలేదు. లేవకుండా చూడడమే పని. ఆ కథే ఇప్పుడు చెప్పుకుందాం.

ఒక ఇల్లు నాలుగు వాటాలు

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అనే పెద్ద దేశం విడిపోయి 15 దేశాలయింది. ఉమ్మడి కుటుంబం విడిపోతే పొలం, ఇల్లు, పశువులు పంచుకుంటారు. కాని ఇంటి అటకమీద పేలుడు మందు మూటలుంటే ఎవరు తీసుకోవాలి? అదే చిక్కు వచ్చింది. సోవియట్ యూనియన్ దూరశ్రేణి అణ్వాయుధాలు నాలుగు దేశాల నేలమీద మిగిలాయి. అవి రష్యా, ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారస్.

ఎన్ని మిగిలాయో చూడండి. ఉక్రెయిన్‌లో 176 ఖండాంతర క్షిపణులున్నాయి. ఒక ఖండం నుండి మరో ఖండానికి పోయి పడేవి కనుక వాటికి ఆ పేరు. వాటిలో ఎస్.ఎస్-19 రకానివి 130, ఎస్.ఎస్-24 రకానివి 46. మొదటి రకం ఒక్కొక్కటి 6 వార్‌హెడ్‌లను, రెండో రకం 10 వార్‌హెడ్‌లను మోస్తుంది. వార్‌హెడ్ అంటే క్షిపణి తలభాగంలో ఉండే అసలైన అణుబాంబు. ఇప్పుడు లెక్క కట్టండి.

130 × 6 = 780
46 × 10 = 460
మొత్తం 1,240

ఇవి క్షిపణుల మీదివి మాత్రమే. బాంబర్ విమానాలకు సంబంధించినవి వేరు. కజకిస్తాన్‌లో 104 ఎస్.ఎస్-18 క్షిపణులుండేవి. ఇవి అన్నిటికన్నా బరువైనవి. సుమారు 34 మీటర్ల పొడవు, 200 టన్నులకు మించిన బరువు. మీ పెరట్లోని ఎత్తయిన కొబ్బరిచెట్టు కూడా దీనిముందు పొట్టిదే! బెలారస్‌లో 81 ఎస్.ఎస్-25 క్షిపణులు పెద్ద పెద్ద లారీలమీద తిరుగుతూ ఉండేవి.

వీటిని పేల్చే సంకేతాలు మాత్రం మాస్కో చేతిలోనే ఉన్నాయి. ఆయుధం ఒకరి దొడ్లో, తాళంచెవి మరొకరి మొలలో! పైగా ఆ రోజుల్లో జీతాలు సరిగా అందక సైనికులు, శాస్త్రజ్ఞులు ఇబ్బంది పడుతున్నారు. కాపలా సడలితే ఏమవుతుంది? ఆకలితో ఉన్న నిపుణుణ్ణి ఎవరైనా డబ్బుతో కొనేస్తే? ప్రపంచం భయపడింది ఇందుకే.

నిన్నటి ప్రత్యర్థికే సాయం

అమెరికా సెనేట్‌లో శామ్ నన్, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సభ్యులుండేవారు. ఇద్దరివీ వేరువేరు పార్టీలు. "మన మీదికి గురిపెట్టిన క్షిపణులను విప్పడానికి మనమే డబ్బిద్దాం" అన్నది వారి ఆలోచన. వినడానికి వింతగా లేదూ? కాని ఆలోచించి చూడండి. క్షిపణిని ఆకాశంలో అడ్డుకోవడం కన్నా నేలమీదే విప్పి కోసెయ్యడం ఎంతో చవక, ఎంతో క్షేమం. 1991 చివరలో ఆ చట్టం వచ్చింది. మొదటి విడతగా 40 కోట్ల డాలర్ల వరకు ఖర్చుచేయడానికి అనుమతించారు. తరువాత ఎన్నో దేశాలు తమ వంతు సాయం చేశాయి. అమెరికా, యూరప్, జపాన్, రష్యాలు కలిసి మాస్కోలో ఒక విజ్ఞాన సాంకేతిక కేంద్రం ఏర్పాటు చేశాయి. ఆయుధాలు తయారుచేసిన శాస్త్రజ్ఞులకు శాంతియుత పరిశోధనలలో పని చూపించడం దాని ఉద్దేశం.

విప్పే వరుస

గడియారం విప్పిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. విప్పడం సులువే అనుకుంటాం. క్షిపణి విషయంలో అలా కాదు. ప్రతి మెట్టూ వరుసగా ఎక్కాలి.

మొదటి మెట్టు: వార్‌హెడ్‌లను క్షిపణి తల నుండి వేరుచేస్తారు. వాటిని గట్టి కాపలాతో రష్యాకు తరలిస్తారు. ఎందుకంటే తయారుచేసిన కర్మాగారాలు అక్కడే ఉన్నాయి. లోపలి అమరిక తెలిసినవారే దాన్ని క్షేమంగా విప్పగలరు.

రెండో మెట్టు: ఇంధనం తీయడం. ఎస్.ఎస్-19, ఎస్.ఎస్-18లలో ద్రవ ఇంధనం ఉంటుంది. ఒక తొట్టిలో హైడ్రజిన్ జాతి ఇంధనం, మరో తొట్టిలో నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే ఆక్సీకరణి. ఈ రెండూ కలిస్తే చాలు, అగ్గిపుల్ల అక్కరలేకుండానే భగ్గున మండుతాయి. మన శ్రీహరికోట నుండి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ రెండో దశలోనూ ఈ రకం జంటే పనిచేస్తుంది. రెండూ విషపూరితాలే. ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే ఒళ్లంతా కప్పే దుస్తులు, గాలి గొట్టాలు ధరించి, ఒక్కొక్క ద్రవాన్ని వేరువేరు తొట్లలోకి తోడతారు.

ఎస్.ఎస్-24లో చిక్కు వేరు. దానిలో ఘన ఇంధనం ఉంటుంది. గట్టిపడిన బెల్లం పాకంలా గొట్టం గోడలకు అంటుకుని ఉంటుంది. దీన్ని తోడలేరు. ఉక్రెయిన్‌లోని పావ్లోహ్రాద్ కర్మాగారంలో బలమైన నీటిధారతో దాన్ని కొద్దికొద్దిగా కోసి తీసే పద్ధతి వాడారు. ఈ పని ఏళ్ల తరబడి సాగింది.

మూడో మెట్టు: ఖాళీ అయిన క్షిపణి గొట్టాన్ని ముక్కలుగా కోస్తారు. లోహం తిరిగి వాడుకోవచ్చు.

నాలుగో మెట్టు: క్షిపణి నిలబడి ఉండే లోతైన కాంక్రీటు గొయ్యిని నాశనం చేయడం. దీన్ని సైలో అంటారు. పై మూత తీసేసి, కనీసం 6 మీటర్ల లోతు వరకు పేల్చాలి, లేదా కనీసం 8 మీటర్ల లోతు వరకు తవ్వి తీసెయ్యాలి. 1991లో కుదిరిన స్టార్ట్ అనే ఒడంబడికలో ఈ కొలతలన్నీ రాసి ఉన్నాయి.

నమ్ము, కాని చూడు

ఇక్కడొక తమాషా ఉంది. పేల్చిన గొయ్యిని వెంటనే పూడ్చకూడదు! 90 రోజులపాటు తెరిచి ఉంచాలి. ఎందుకో చెప్పగలరా? ఎదుటి దేశపు ఉపగ్రహాలు పైనుండి ఫొటోలు తీసి, "నిజమే, గొయ్యి పాడైంది" అని నిర్ధారించుకోవడానికి. అది చాలక తనిఖీదార్లు స్వయంగా వచ్చి లెక్క చూసుకుంటారు. బాంబర్ విమానాల రెక్కలు కోసిన తరువాత కూడా ఆ ముక్కలు ఆరుబయట అలాగే ఉంచాలి.

ఒప్పందం కాగితం మీద ఎంత బాగున్నా, సరిచూసుకునే ఏర్పాటు లేకపోతే ఎవరూ నమ్మరు. చేపల సంతలో తూకం వేసేటప్పుడు కాటా ముల్లు ఇద్దరికీ కనబడేటట్లు పెట్టడం లేదూ? ఇదీ అంతే.

పాకం పానకమైంది

వార్‌హెడ్‌లోని యురేనియంను ఏం చేయాలి? కాల్చితే పోదు. పాతిపెడితే ఎవరైనా తవ్వుకుపోవచ్చు. శాస్త్రజ్ఞులు ఆలోచించిన ఉపాయం చాలా అందమైనది.

భూమిలో దొరికే యురేనియంలో యు-235 అనే రకం నూటికి 0.7 పాళ్లు మాత్రమే. మిగిలినది దాదాపు అంతా యు-238. బాంబుకు యు-235 నూటికి 90 పాళ్ల వరకు కావాలి. విద్యుత్తు తయారుచేసే చాలా రియాక్టర్లకు 3 నుండి 5 పాళ్లు చాలు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన భారజల రియాక్టర్లకు 0.7 పాళ్లున్న సహజ యురేనియంతోనే ఇంధనం తయారుచేస్తుంది.

శ్రీరామనవమికి పానకం చేయడం చూశారు కదా! చిక్కటి బెల్లం పాకాన్ని నీళ్లలో కలిపితే పలచని పానకం అవుతుంది. బాంబు యురేనియంను కూడా యు-235 తక్కువగా ఉన్న యురేనియంతో అలాగే పలచన చేశారు. ఒక కిలో బాంబు యురేనియం సుమారు 29 కిలోల రియాక్టరు యురేనియం అయింది. 1993లో రష్యా, అమెరికా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2013 వరకు 500 టన్నుల బాంబు యురేనియంను ఇలా మార్చారు. అది సుమారు 20,000 వార్‌హెడ్‌లకు సమానం. ఆ రోజుల్లో అమెరికాలో వెలిగిన ప్రతి పది బల్బులలో ఒకటి రష్యా బాంబుల యురేనియంతో వెలిగిందన్నమాట!

పానకాన్ని మరగబెడితే మళ్లీ పాకం వస్తుంది. మరి యురేనియం? యు-235, యు-238 రసాయన గుణాలలో కవల పిల్లలు. బరువులో మాత్రం కొంచెం తేడా. మళ్లీ విడదీయాలంటే పెద్ద కర్మాగారం, ఎంతో విద్యుత్తు, ఎంతో కాలం కావాలి. రహస్యంగా చేయడం కష్టం. ఈ ఉపాయపు బలమంతా అక్కడే ఉంది.

ఎవరికేం దక్కింది?

1994 జనవరిలో అమెరికా, రష్యా, ఉక్రెయిన్ అధ్యక్షులు ఒక అంగీకారానికి వచ్చారు. ఉక్రెయిన్ వార్‌హెడ్‌లను పంపుతుంది, రష్యా బదులుగా విద్యుత్ రియాక్టర్లకు ఇంధనం ఇస్తుంది. అదే సంవత్సరం డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్‌లు ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చాయి. కొలువు కోల్పోయిన క్షిపణి దళ అధికారులకు అమెరికా సాయంతో ఇళ్లు కట్టారు. 1999-2000లో ఉక్రెయిన్ 11 బాంబర్ విమానాలను రష్యాకిచ్చి సహజవాయువు బాకీ కొంత తీర్చుకుంది.

చివరి వార్‌హెడ్ కజకిస్తాన్‌ను 1995 ఏప్రిల్‌లో, ఉక్రెయిన్‌ను 1996 జూన్ 1న, బెలారస్‌ను 1996 నవంబరులో విడిచింది. 1996 జూన్ 4న ఉక్రెయిన్‌లోని పెర్వోమైస్క్ క్షిపణి స్థావరంలో మూడు దేశాల రక్షణ మంత్రులు పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు. అక్కడి చివరి సైలోను 2001లో ధ్వంసం చేశారు. కొన్ని క్షిపణులు మంచి పనికి కూడా వచ్చాయి. ఎస్.ఎస్-18ని మార్చి తయారుచేసిన ద్నెప్ర్ రాకెట్ 1999 నుండి 2015 వరకు ఉపగ్రహాలను పైకి పంపింది.

కథ ఇంతటితో అయిపోలేదు

ఇక్కడ నిజం దాచకూడదు. 2014లో రష్యా క్రిమియాను తనలో కలుపుకుంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. బుడాపెస్ట్ హామీ నిలవలేదు. రష్యాలో నన్-లూగర్ ఒప్పందం 2013లోనే ముగిసింది. రష్యా, అమెరికాల మధ్య మిగిలిన చివరి ఆయుధ పరిమితి సంధికి 2026 ఫిబ్రవరి 5 వరకే గడువు.

మరి ఉక్రెయిన్ ఆయుధాలు వదులుకోవడం తప్పా? కొందరు తప్పే అంటారు. మరికొందరు గుర్తుచేసేది ఇది. తాళంచెవి మాస్కోలో ఉంది. ఆ వార్‌హెడ్‌లను పోషించే కర్మాగారాలు ఉక్రెయిన్‌లో లేవు. 1986లో చెర్నోబిల్ చూసిన ప్రజలకు అణుశక్తి అంటేనే గుండె దడ. రెండు పక్షాల మాటలూ వినండి. ఒక్క విషయం మాత్రం స్పష్టం. గొయ్యి పూడ్చామా లేదా అన్నది ఉపగ్రహం సరిచూడగలదు. ఇచ్చిన మాట నిలుపుతారా లేదా అన్నది ఏ ఉపగ్రహమూ ముందుగా చూడలేదు. ఆ విద్యను మనుషులు ఇంకా నేర్చుకోవలసి ఉంది.

అలాగని చేసిన పని వృథా కాలేదు. 1980ల నడుమ ప్రపంచంలో సుమారు 70,000 వార్‌హెడ్‌లుండేవి. ఇప్పుడు సుమారు 12,000. ఇవి కూడా చాలా ఎక్కువే. కాని విప్పడం సాధ్యమేనని రుజువైంది. మన ఉపఖండంలో కూడా చిన్న దీపం ఒకటి ఉంది. భారత, పాకిస్తాన్‌లు 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1992 నుండి ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వాటిమీద దాడి చేయకూడదన్నది ఆ ఒప్పందం.

చేసి చూడండి

ఒక చెంచా చిక్కటి బెల్లం పాకం తీసుకోండి. 28 చెంచాల నీళ్లు కలపండి. రుచి చూడండి. ఇప్పుడు అమ్మ పక్కనుండగా, దాన్ని మరగబెట్టి మళ్లీ ఒక చెంచా పాకం చేయడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడండి. కలపడానికి ఎంత పట్టింది? రెండు కాలాల నిష్పత్తి రాయండి.

ఆలోచించండి

1. కజకిస్తాన్‌లోని 104 క్షిపణులలో ఒక్కొక్కటి 10 వార్‌హెడ్‌లు మోస్తే మొత్తం ఎన్ని?
2. గొయ్యిని 90 రోజులు కాక ఒక్క రోజే తెరిచి ఉంచితే ఏమి ఇబ్బంది? వానాకాలపు మబ్బులను గుర్తుచేసుకోండి.
3. మీ తరగతిలో రెండు జట్లు తగువులాడుకుని రాజీ కుదుర్చుకోవాలి. ఎదుటి జట్టు మాట నిలుపుకుంటున్నదని ఎలా సరిచూస్తారు? ఇద్దరికీ సమ్మతమైన మూడు నియమాలు రాయండి.