కాలేజీ జట్టు కట్టబూనిన చిరంజీవికి



చదువే ప్రధానమైన చిన్న కాలేజీలో బాస్కెట్‌బాల్ జట్టును నిలబెట్టే బాధ్యత తీసుకున్న యువకుడు మొదట తేల్చుకోవలసిన విషయం, ఉన్న విద్యార్థుల్లో ఎవరు ఏ వేళకు మైదానానికి రాగలరన్నది. క్రీడా కోటాలో సీటూ హాస్టలు వసతీ ఇచ్చి పొడగరులను రప్పించుకునే స్తోమత పెద్ద విశ్వవిద్యాలయాలకు ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్‌లలో స్థిరపడ్డ పద్మశాలీల పిల్లలూ, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీల పిల్లలూ ఒకే బెంచీ మీద చదువుకునే, మరమగ్గాల ఊరైన భివండిలోని కాలేజీకి ఆ స్తోమత ఉండదు. వారిలో కొందరు తరగతులు ముగియగానే కండెలు చుట్టడానికో, సాంచెల (మరమగ్గాల) దగ్గర తండ్రికి సాయం పట్టడానికో వెళ్తారు. పన్నెండు గంటల షిఫ్టు పగటి నుంచి రాత్రికి మారినప్పుడల్లా ఆ ఇళ్లలో నిద్ర, భోజనం వేళలు కూడా మారిపోతాయి. సాయంత్రం 5 గంటలకు రాలేదని అలాంటి కుర్రవాణ్ని జట్టులోంచి తీసేసే శిక్షకుడు ఆ ఊరికి తగిన జట్టును ఎన్నటికీ కట్టలేడు. కనుక తెల్లవారుజామున ఒక పూట, సాయంత్రం ఒక పూట కోర్టు తెరిచి, వారంలో ఇన్ని పూటలు తప్పక రావాలని నియమం పెట్టి, ఏ పూట అన్నది ఆటగాడికే వదిలేయడం మేలు. అమ్మాయిల జట్టుకు వేళ నిర్ణయించే ముందు తల్లిదండ్రులను కలిసి మాట్లాడటం తప్పనిసరి. చీకటి పడ్డాక సాగే సాధనకు ఏ తల్లీ మనస్ఫూర్తిగా ఒప్పుకోదు.

ఇరుకు పేటలో ఈ ఆట బతకదనేవారికి ముంబయిలోని నాగ్‌పాడాను చూపాలి. తెలంగాణ నుంచి కూలికి వచ్చిన కామాఠీల పేరు మోస్తున్న కామాఠీపురాకు ఆనుకుని ఉన్న ఆ పేటలో, క్లిఫర్డ్ మాన్‌షర్ట్ అనే అమెరికన్ మిషనరీ 1920లలో నైబర్‌హుడ్ హౌస్‌ను, అంటే కులమతాలతో పని లేకుండా పేట వారందరికీ తెరిచి ఉంచే సేవాకేంద్రాన్ని నెలకొల్పాడు. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో ఆరంభమైంది కూడా అక్కడే. చదువూ ఆటా పక్కపక్కనే సాగిన ఆ నాగ్‌పాడా నుంచే, 1970లో అర్జున పురస్కారం అందుకున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు అబ్బాస్ ముంతసిర్ వచ్చాడు. అలాగే భివండిలోనూ కాలేజీ కోర్టు గేటును ఆదివారాలు చుట్టుపక్కల బడిపిల్లలకు తెరిచి పెడితే, నాలుగైదేళ్లకు వారే విద్యార్థులుగా, ఆటగాళ్లుగా తిరిగి వస్తారు.

ఇక ఆడే పద్ధతి గురించి. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది గనుక పొడవు తక్కువైన జట్టు రింగు కింద బలం కోసం పోటీపడితే ఓటమి ఖాయం. అలాంటి జట్టుకు ఆధారం పాసూ, కదలికా, ఓర్పూ. అమెరికాలో ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1967 నుంచి 1996 దాకా శిక్షకుడిగా ఉన్న పీట్ కారిల్ ఈ పద్ధతికే జీవితం అర్పించాడు. అందులో ముఖ్యమైనది బ్యాక్‌డోర్ కట్: బయట నిలబడ్డ ఆటగాడికి పాసు అందుతుందనుకుని ప్రత్యర్థి దాన్ని లాగేసుకోవడానికి ఒక అడుగు ముందుకు వేస్తాడు, ఆ అడుగు పడిన క్షణంలోనే ఆటగాడు కాలు తన్నిపెట్టి, అతడి వీపు వెనకగా రింగువైపు దూసుకుపోతాడు, ఎగువన బంతి పట్టుకున్న సహచరుడు నేల మీద ఒక్క దెబ్బ కొట్టి బంతిని అతడి చేతికి అందిస్తాడు. 1996లో అంతకుముందటి ఏటి జాతీయ కాలేజీ విజేత యూసీఎల్‌ఏను ప్రిన్స్‌టన్ 43-41తో ఓడించినప్పుడు చివరి బుట్ట ఇలాగే పడింది. ఇది కండబలం కన్నా కనిపెట్టి ఉండే చూపును కోరే విద్య, చదువుకునే పిల్లలకు అబ్బే విద్య. సాధనలో తప్పు అడుగు పడగానే, పడుగు పోగు తెగితే సాంచె ఆపి అతికినట్టు, ఆట ఆపి అక్కడే సరిదిద్దాలి.

కొంకణ వానలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా సిమెంటు కోర్టు పాచిపట్టి జారుతుంది. కాళ్లు విరగ్గొట్టుకునే కన్నా ఆ నెలల్లో వరండాలో డ్రిబ్లింగూ, నల్లబల్ల మీద ఎత్తుగడలూ నేర్పడం మంచిది. పరీక్షల ముందు రెండు వారాలు సాధన పూర్తిగా ఆపాలి. తప్పిన విద్యార్థి జట్టుకూ దక్కడు.

అన్నిటికన్నా కష్టమైనది యాజమాన్యం ఓపిక. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్, సుమారు వెయ్యిమంది డిగ్రీ విద్యార్థులున్న శాస్త్ర విద్యాసంస్థ, 1985 నుంచి తన లీగులో వరుసగా 310 మ్యాచ్‌లు ఓడిపోయి, 2011 ఫిబ్రవరి 22న ఆక్సిడెంటల్ కాలేజీపై 46-45తో గెలిచింది. అన్నేళ్లూ ప్రవేశాల ప్రమాణం తగ్గించలేదు, జట్టును రద్దు చేయలేదు. అంతకాలం ఆగమని భివండిలో ఎవరినీ అడగలేం గాని, కనీసం ఐదేళ్లు అడగాలి. ఈ ఏడాది ప్రవేశాలు మొదలయ్యేలోపే చిరంజీవి ప్రిన్సిపాలును కలిసి, ఆ ఐదేళ్లలో గెలుపోటములను బట్టి కోర్టు వేళలు, బంతుల ఖర్చు, ప్రయాణ భత్యం తగ్గించబోమని కాగితం మీద రాయించుకోవాలి. ముంబయి విశ్వవిద్యాలయ అంతర కళాశాల పోటీలకు పేర్లు పంపే పని ఆ తర్వాతే మొదలుపెట్టాలి.


మేనమామ