ఎర్రదుమ్ములో ల్యాప్‌టాప్: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మొదటి ఏడాది చడీచప్పుడు లేకుండా పనిచేసిన ల్యాప్‌టాప్, గనుల ఊరు బచేలిలో రెండో ఏటికల్లా హోరుమంటూ వేడెక్కి ఆగిపోవడానికి కారణం ఏమిటి?

జవాబు: ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని ఒక రాగి గొట్టం అంచుదాకా మోసుకొస్తుంది. అక్కడ దువ్వెన పళ్లలా ఒత్తుగా పేర్చిన పలుచని రేకుల మధ్య నుంచి ఫ్యాన్ గాలిని తోస్తుంది. దుప్పటి నూలు, తలవెంట్రుకలు ఆ సందుల్లో చిక్కుకుని కంబళి ముక్కలా అట్టకడతాయి. ఇది ఏ ఊళ్లోనైనా జరిగేదే. బచేలిలో ఆ అట్టలోకి గని దుమ్ము కూడా చేరుతుంది. ఊరికి ఆనుకుని ఉన్న బైలదిల్లా కొండల్లో ఎన్.ఎం.డి.సి. సంస్థ 5వ డిపాజిట్ ఇనుప గని 1977 నుంచి నడుస్తోంది. తవ్విన ఖనిజాన్ని పిండిచేసి, జల్లెడపట్టి, కొత్తవలస - కిరండూల్ లైను మీద విశాఖ వైపు పంపుతారు. ఆ కొండల్లో దొరికే హెమటైట్ అనే ఇనుప ఖనిజంలో బ్లూ డస్ట్ అనే రకం చేత్తో నలిపితేనే పొడవుతుంది. పేరుకే నీలం, మెత్తగా నూరితే ఎరుపే. కిటికీ ఊచల మీద వేలు పెడితే అంటుకునే ఆ రంగే ఫ్యాన్ రెక్కల మీదా కనిపిస్తుంది. వానాకాలం తేమకు అట్ట బిగుసుకుని ఊదినా రాదు.

ప్రశ్న: ఇనుప దుమ్ము కదా, లోపల షార్ట్ సర్క్యూట్ కాదా?

జవాబు: హెమటైట్ అచ్చమైన ఇనుము కాదు, ఇనుప ఆక్సైడ్. పొడిగా ఉన్నంతవరకు దానిగుండా కరెంటు సరిగా పారదు. తడిసిన దుమ్ము సంగతి వేరు. అసలు నష్టం ఫ్యాన్ బేరింగుకు జరుగుతుంది, ఎందుకంటే ఖనిజపు రేణువు గట్టిది, బరువైనది. గరగరమనే చప్పుడు ఆ అరుగుదలకు గుర్తు.

ప్రశ్న: కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోతుందా?

జవాబు: దారి మూసుకుపోయినప్పుడు సరిపోదు. గాలి బయటికొచ్చే చీలిక దగ్గర అరచెయ్యి పెట్టి చూడాలి. గాలి వేడిగా, జోరుగా తగిలితే దారి బాగానే ఉన్నట్టు, పని భారమే ఎక్కువ. యంత్రం కాలిపోతున్నా గాలి నీరసంగా వస్తుంటే రేకులు పూడినట్టే. పరుపు మీద పెట్టి వాడే అలవాటు ఉంటే, ప్యాడ్ కన్నా ముందు ఒక చెక్క పలక చాలు.

ప్రశ్న: శుభ్రం చేసే పద్ధతి ఏది?

జవాబు: యంత్రాన్ని ఆపి, ఛార్జర్ తీసి, కింది మూత విప్పాక మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఫ్యాన్ రెక్కను పుల్లతో కదలకుండా పట్టి, రేకులవైపు నుంచి ఫ్యాన్‌వైపుకు బ్లోయరుతో ఊదాలి. పట్టకపోతే ఫ్యాన్ హద్దు మీరి తిరిగి బేరింగు చెడుతుంది. మూత విప్పకుండా బయటినుంచి ఊదితే అట్ట ఇంకా లోపలికి జరగడమే తప్ప పోదు; చాలామంది చేసే పొరపాటు ఇదే. తడిగుడ్డ, ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు. రెండోది స్టాటిక్ కరెంటు పుట్టిస్తుంది. అట్ట తీశాకా వేడి తగ్గకపోతే, ప్రాసెసర్‌కు, రాగి పలకకు మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. దాన్ని మార్చే పని చెయ్యి తిరిగిన మెకానిక్‌కు వదలడం మంచిది. వారంటీ ఉన్న యంత్రమైతే మూత విప్పేముందు షరతులు చదవాలి.

ఈలోగా పని నడవాలంటే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్‌ను ఎక్కువగా తినేస్తున్న ప్రోగ్రాం ఏదో చూసి మూసేయవచ్చు. ప్రాసెసర్ దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ చేరితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి మందగించడానికి ఒక కారణం అదే, ప్రతిసారీ వైరస్ కాదు.

ప్రశ్న: టచ్‌ప్యాడ్ పైకి లేచింది. ఇది కూడా వేడి వల్లేనా?

జవాబు: కింద బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు, ఆ ఉబ్బును ముదిరించేవాటిలో వేడి ఒకటి. వెంటనే వాడకం, ఛార్జింగ్ ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా, గుచ్చినా మంట లేవవచ్చు. చెత్తబుట్టలో వేయకుండా సర్వీస్ సెంటరుకు అప్పగించాలి.