వూడూ కార్డు లేకుండానే వూడూ ఆట

సందేహాలు – సమాధానాలు: ఈసారి సూరత్ పాఠకుల ఉత్తరాలు

ప్రశ్న: మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాల పని మీద సూరత్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఎంబ్రాయిడరీ డిజైన్లు చేస్తాను. చిన్నప్పుడు మా ఇంటి పాత కంప్యూటర్‌లో 'నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈ' ఆడేవాళ్లం. ఆ హార్డ్‌డిస్క్‌లోని ఫోల్డర్‌ను నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఆట తెరుచుకుంటోంది గానీ బొమ్మ గళ్లుగళ్లుగా ఉంది. త్రీడీఎఫ్‌ఎక్స్ ఫైల్ నొక్కితే 'గ్లైడ్2ఎక్స్.డీఎల్‌ఎల్' లేదంటోంది. త్రీడీఎఫ్‌ఎక్స్ కార్డు ఇప్పుడెక్కడైనా దొరుకుతుందా సార్?
– ఒక పాఠకుడు, లింబాయత్, సూరత్

జవాబు: కార్డు కోసం తిరగకండి, అక్కర్లేదు. త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ 1996లో వూడూ కార్డును తెచ్చినప్పుడు, ఆటలు దానితో మాట్లాడడానికి గ్లైడ్ అనే సొంత పద్ధతి పెట్టింది. 1997లో వచ్చిన మీ ఆటలో త్రీడీఎఫ్‌ఎక్స్ ఫైల్ అచ్చంగా ఆ కార్డున్నవాళ్ల కోసమే. కొన్నేళ్లకే ఆ కంపెనీ మూతపడింది, దాని ఆస్తులు ఎన్‌విడియా చేతికి వెళ్లాయి. గ్లైడ్ తెలిసిన కార్డుల తయారీ ఆగిపోయింది. ఆటకు ఆ సంగతి తెలియదు. ఇప్పటికీ గ్లైడ్‌లోనే అడుగుతుంది.

కొత్తగా సూరత్ దిగిన మన నేత కార్మికుడికీ గుజరాతీ సేఠ్‌కూ నడుమ నిలబడే దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పేరు డీజీవూడూ 2. ఆట గ్లైడ్‌లో అడిగినదాన్ని డైరెక్ట్3డీ 11 లేదా 12లోకి మార్చి మీ ల్యాప్‌టాప్ కార్డుకు అందిస్తుంది. ఇది ఉచితం. ఎన్‌గ్లైడ్ అని మరొకటుంది, అది గ్లైడ్ ఆటలకు మాత్రమే. డీజీవూడూ పాత డైరెక్ట్‌ఎక్స్ ఆటలను కూడా చూసుకుంటుంది కాబట్టి నా ఓటు దానికే.

జిప్ ఫైల్ విప్పితే 'త్రీడీఎఫ్‌ఎక్స్' ఫోల్డర్, దాని లోపల 'ఎక్స్86' ఫోల్డర్ కనిపిస్తాయి. అందులోని గ్లైడ్2ఎక్స్ ఫైల్‌ను ఆట ఫోల్డర్‌లో, ఆటను నడిపే ఈఎక్స్‌ఈ పక్కనే పెట్టండి. పక్కన 'ఎక్స్64' కనిపించినా దాని జోలికి పోవద్దు. మీ విండోస్ 64-బిట్ అయినా ఆట 32-బిట్‌దే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్‌ను కూడా అదే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరవండి. స్కేలింగ్‌లో పాత 4:3 కొలత నిలిచేలా ఎంచుకోండి, లేకపోతే కార్లు అడ్డంగా సాగుతాయి. గ్లైడ్ విభాగంలో త్రీడీఎఫ్‌ఎక్స్ వాటర్‌మార్క్‌కు టిక్ పెట్టి ఆట తెరవండి. తెర మూలన ఆ గుర్తు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్నట్టే. తర్వాత టిక్ తీసేయొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఈ ఫైళ్లను సిస్టమ్32లో ఎప్పుడూ పెట్టకండి. ఆట ముందుగా తన ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది, అది చాలు. అలాగే, డీఎల్‌ఎల్ ఫైళ్లను విడివిడిగా పంచే సైట్ల నుంచి దించుకోకండి. తయారుచేసినవారి సొంత పేజీ నుంచే తీసుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో కస్టమర్ల డిజైన్లు ఉంటాయి కదా!

ప్రశ్న: మా షాపులోని విండోస్ 7 కంప్యూటర్‌లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' పెడితే నీళ్లు గులాబీ, ఊదా రంగుల్లోకి మారిపోతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు పోయిందా?
– ఒక పాఠకురాలు, ఉధనా

జవాబు: లేదమ్మా, కార్డు బాగానే ఉంది. 1999 నాటి ఆ ఆటకు తెలిసినవి ఒక్కసారికి 256 రంగులే. ఆ రంగుల పట్టికను విండోస్ డెస్క్‌టాప్ కూడా వాడుకుంటుంది. అది మధ్యలో తన రంగులు దూర్చగానే నీళ్లు ఊదాగా మారతాయి. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేసి ఆడడం పాత చిట్కా. పనిచేస్తుంది గానీ ఆట అయ్యేదాకా డెస్క్‌టాప్ ఉండదు. అంతకంటే సీఎన్‌సీ-డీడ్రా అనే సాఫ్ట్‌వేర్ మేలు. దాని ఫైళ్లను ఆటను నడిపే ఈఎక్స్‌ఈ పక్కనే పెట్టాలి. 'కమాండ్ అండ్ కాంకర్' ఆటల కోసం పుట్టినా, ఆ కాలపు డైరెక్ట్‌డ్రా ఆటల్లో చాలావాటికి పనికొస్తుంది. రంగుల పట్టికను అదే చూసుకుంటుంది. విండోస్ 10, 11ల్లోనూ నడుస్తుంది. మీరు ఆడేది ఆ ఆట అదనపు భాగమైన 'కాంకరర్స్' అయితే ఒక మెలిక ఉంది. దాని ఈఎక్స్‌ఈ బయటి ఫోల్డర్‌లో ఉండదు, 'ఏజ్2_ఎక్స్1' అనే లోపలి ఫోల్డర్‌లో ఉంటుంది. డీడ్రా ఫైల్, దాని సెట్టింగ్స్ ఫైల్ అక్కడే పెట్టాలి.

ప్రశ్న: 2003 ప్రాంతంలో కొన్న ఒరిజినల్ సీడీ. డ్రైవ్‌లో పెట్టినా విండోస్ 10లో ఆట తెరుచుకోదు. డీజీవూడూతో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, గోడాదరా

జవాబు: సీడీ మీద, కాపీ చేయకుండా వేసే సేఫ్‌డిస్క్ తాళం ఉంటే కుదరదు. అది గ్రాఫిక్స్ సమస్య కాదు. ఆ తాళానికి కావలసిన డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో విండోస్ 10లో చేర్చలేదు. 2015 సెప్టెంబరు అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆపేసింది. దాన్ని ఎక్కడినుంచో తెచ్చి ఎక్కించుకోవద్దు. సిస్టమ్ మొత్తానికీ తలుపు తీసినట్టవుతుంది. అదే ఆట తాళం లేకుండా మళ్లీ విడుదలైందేమో గోగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో వెతకండి. డబ్బు పెట్టి సీడీ కొన్నవాళ్లను ఇలా వదిలేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

మరో మాట. పాత సీడీలు ఏటికేడు చెడిపోతున్నాయి. తాళం లేనివాటికి ఇప్పుడే ఐఎస్‌ఓ కాపీ తీసి రెండు చోట్ల దాచుకోండి. మాకు ఉత్తరం రాసేటప్పుడు ఆట పేరు, విండోస్ వెర్షన్, గ్రాఫిక్స్ కార్డు పేరు, తెర మీద వచ్చిన సందేశం ఉన్నదున్నట్టు రాయండి.