తలిదండ్రులు తప్పించుకొనిన ప్రశ్న

యౌవనస్థుల కూటమునకు పాఠము. చదువవలసిన భాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము అంతయు.



ఈ అధ్యాయమును మీరు ఆదివారపు బడిలో చాలసార్లు వినియున్నారు. ప్రభువు నేలమీద ఉమ్మివేసి, బురద చేసి, పుట్టు గ్రుడ్డివాని కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పంపిన వృత్తాంతము ఇది. చిన్నపిల్లలకు చెప్పునప్పుడు మనము అక్కడితో ఆపుదుము. వాడు చూపుతో తిరిగి వచ్చెను, కథ కంచికి పోయెను. కాని లెక్క వేసి చూడుడి. ఈ అధ్యాయములో 41 వచనములున్నవి. చూపు వచ్చుట 7వ వచనములోనే అయిపోయినది. మిగిలిన 34 వచనములును ఆ చూపు వలన వానికి వచ్చిన చిక్కులను గూర్చినవే. ఈ నెల పాఠము ఆ 34 వచనములలో నున్నది.

మొదట ఇరుగుపొరుగువారు వానిని ప్రశ్నించిరి. తరువాత పరిసయ్యులు ప్రశ్నించిరి. వాని మాటలు నమ్మక తలిదండ్రులను పిలిపించిరి. వారిని అడిగిన సంగతులు మూడు: వీడు మీ కుమారుడేనా? గ్రుడ్డివాడుగా పుట్టెనా? ఇప్పుడు ఎట్లు చూచుచున్నాడు? మొదటి రెంటికి వారు తిన్నగా జవాబిచ్చిరి. మూడవదాని యొద్దకు వచ్చుసరికి, మాకు తెలియదు, వాడు పెద్దవాడైనాడు గనుక వానినే అడుగుకొమ్మని తప్పుకొనిరి. కారణమును యోహాను దాచలేదు. యేసును క్రీస్తని ఒప్పుకొనువానిని సమాజమందిరములోనుండి వెలివేయవలెనని పెద్దలు అదివరకే నిర్ణయించియుండిరి. వెలి యనగా ఏమో మన పల్లెలలో ముసలివారి నడుగుడి. నిప్పు ఇయ్యరు, నీళ్లు తోడుకొననియ్యరు, చాకలి మంగలి రారు, కూలికి పిలువరు.

ఆ తలిదండ్రులను నిందించుటకు నాకు మనస్సు రాదు. ఆ గ్రుడ్డి బిడ్డను ఇన్నేండ్లు పెంచినవారు వారే. మన కాలమందు కూడ అట్టి తలిదండ్రులు అనేకులున్నారు. “నాయనా, ప్రార్థన ఇంటిలో చేసుకో, కాలేజీలో మాత్రము మనము ఫలానా అని చెప్పకు” అని బిడ్డకు బోధించి పంపు తల్లి విశ్వాసము లేని తల్లి కాదు. ఆమె భయపడుచున్నది. ఆ భయమునకు కారణము లేకపోలేదు గనుక దానిని గూర్చి దాపరికము లేక మాటలాడుకొందము.

1950వ సంవత్సరములో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల జాబితాను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను దానిలో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రములో బి.సి. “సి” వర్గముగా ఎంచి, నూటికి ఒక్క వంతు కేటాయించిరి. ఇది న్యాయము కాదని మన సంఘముల పెద్దలు న్యాయస్థానములలో వాదించిరి. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ సంగతిని పరిశీలించుటకు విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిషనును నియమించెను. చట్టము మార్చుమని అడుగుట పౌరుల హక్కు, దానిలో తప్పేమియు లేదు. అయితే ఈలోగా మన బిడ్డ ఒక కాగితము మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకొని తిరుగుచున్నాడు. స్నేహితుడు “ఆదివారము ఎక్కడికి పోయితివిరా?” అని అడిగిన యెడల, “అమ్మమ్మగారి ఊరు” అని చెప్పుచున్నాడు. మన గోదావరి పల్లెలలోని క్రైస్తవ యౌవనస్థుని నోటికి పడిన తాళము రాళ్లు విసరు గుంపు వేసినది కాదు. చాలసార్లు అది ఒక ధ్రువపత్రము వేసిన తాళము.

ఇక్కడ పెద్దలతో ఒక మాట చెప్పక తప్పదు. ధైర్యముగా నుండుమని వేదిక మీదనుండి కుర్రవానికి బోధించుట సులభము. వాడు నిజము చెప్పి, విద్యార్థి వేతనము పోగొట్టుకొని వచ్చిన నాడు ఆ ఫీజు ఎవరు కట్టుదురు? వెలివేయబడిన గ్రుడ్డివాని సంగతి విని ప్రభువు తానే వెదకికొని పోయి వానిని కనుగొనెనని 35వ వచనము చెప్పుచున్నది. సంఘము కూడ అట్లు వెదకికొని పోవలెను. కానుకల పెట్టెలో దానికి భాగము లేనియెడల మనము యౌవనస్థుల ధైర్యమును గూర్చి కొంచెము తక్కువగా మాటలాడుట మేలు.

ఇప్పుడు ఆ కుమారుని వైపు తిరుగుదము. వాడు పండితుడు కాడు. నిన్నటివరకు భిక్షమెత్తినవాడు. ఆయన ఎక్కడ ఉన్నాడని అడిగిన యెడల తెలియదనెను. ఆయన పాపియా అని అడిగిన యెడల అదియు తెలియదనెను. తెలిసినది ఒక్కటే: ముందు చూపు లేదు, ఇప్పుడున్నది. ఆ ఒక్క సంగతిని ఎవరు ఎన్నిసార్లు అడిగినను మార్చలేదు. చెప్పుకొలదియు వానికే వెలుగు హెచ్చెను. 11వ వచనములో యేసు అను ఒక మనుష్యుడనెను. 17లో ప్రవక్త అనెను. 33లో దేవుని యొద్దనుండి వచ్చినవాడనెను. 38లో ప్రభువా అని మ్రొక్కెను. అంతయు నేర్చుకొనిన తరువాత సాక్ష్యము చెప్పుదుమని కూర్చుండు యౌవనస్థులు దీనిని గమనింతురు గాక. వాడు నేర్చుకొని చెప్పలేదు, చెప్పుచు నేర్చుకొనెను.

మన తెలుగు దేశములో ఇట్టి కుర్రవారు లేకపోలేదు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చి నర్సాపురము ప్రాంతమున పనిచేసిన బౌడెన్, బీర్ దొరల సంగతి మీరు వినియుందురు. దొరలు పరాయి ఊరివారు, వారిని వెలివేయుటకు బంధువులు లేరు. మన వారి సంగతి వేరు. బందరులో నోబుల్ దొరగారు 1843లో ఒక బడి పెట్టెను. తొమ్మిదేండ్లు దానిలో ఒక్కరైనను బాప్తిస్మమునకు రాలేదు. 1852 ఆగస్టు 1వ తేదీ ఆదివారమున ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఒకరు బ్రాహ్మణులైన మంచాల రత్నముగారు, రెండవవారు వెలమ కులస్థులైన అయినాల భూషణముగారు. ఊరు అల్లకల్లోలమాయెను. బంధువులు ఏడ్చిరి, బతిమాలిరి, కోపించిరి. బడి దాదాపు ఖాళీ అయ్యెను. ఆ ఇద్దరు యౌవనులు తిరిగి తమ ఇండ్ల గడప త్రొక్కలేని స్థితికి వచ్చిరి. అయినను ఊరు విడిచి పోలేదు. ఆ బడిలోనే ఉపాధ్యాయులై, తమ్మును తిట్టిన వారి బిడ్డలకే పాఠములు చెప్పిరి. 1864లో ఇద్దరును గురువులుగా అభిషేకింపబడిరి. తిట్టిన ఊరిలోనే పండ్రెండేండ్లు పాఠము చెప్పుట బాప్తిస్మము పొందిన ఆ ఒక్క దినముకంటె గొప్ప సాక్ష్యమని నా తలంపు.

సత్యము చెప్పవలెను గనుక ఇదియు చెప్పుచున్నాను. ఆ బడిలోనికి మాల మాదిగ బిడ్డలను రానియ్యలేదు. అయితే దేవుడు ఆ వాకిలి తెరచువరకు కాచుకొనియుండలేదు. కృష్ణా జిల్లాలోని రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు, విగ్రహములు దేవుడు కావని ఒక స్నేహితుని వలన విని, నిజమైన దేవుడెవరో తెలియక, తెలియని ఆ దేవునికే దినదినము మొరపెట్టుచు వచ్చెను. 1859లో బెజవాడలో డార్లింగు దొరగారిని కలిసి యేసు నామము విని, ఇంతకాలము తాను వెదకినది ఈయననే అని గ్రహించెను. తన ఇంటివారితో బాప్తిస్మము పొంది, వెంటనే చుట్టుపట్ల గ్రామములలోని తన బంధువుల యొద్దకు పోయి చెప్పెను. ఆయనకు చదువు లేదు. చుట్టరికములే ఆయనకు సువార్త మార్గములాయెను. కృష్ణా ప్రాంతపు సంఘములు అనేకము ఆయన నడచిన ఆ కాలిబాటల మీద పుట్టినవే.

మన కాకినాడలో కూడ మొదట పని ప్రారంభించినది దొర కాడు. టెలిగ్రాఫు ఉద్యోగము విడిచిన థామస్ గాబ్రియేలుగారు. 1874లో మెక్లారిన్ దొరగారు వచ్చునాటికి ఆయన అక్కడ ఒక చిన్న సంఘమును కూర్చియుండెను. మరుసటి సంవత్సరారంభముననే ఆయన మరణించెను.

ఇక మనము ఉన్న చోటికి వత్తము. మన అన్నవరపు యౌవనస్థులకు తక్కిన ఊళ్లవారికి లేని ఒక పరీక్ష కలదు. రత్నగిరి మీద సత్యనారాయణ స్వామి దేవాలయము 1891లో వెలసినది మొదలు ఈ ఊరు యాత్రా స్థలము. కార్తీక మాసములో రైళ్లు, బస్సులు నిండి జనులు వచ్చుచుందురు. వారు మన పొరుగువారు, మన అంగడికి వచ్చువారు, మన ఆటో ఎక్కువారు. కొందరు ఆవేశపరులైన కుర్రవారు “అన్నా, మెట్ల దగ్గరనే కరపత్రములు పంచుదము, అదియే ధైర్యము” అని నాతో వాదించిరి. కాదని చెప్పితిని. ఒక మతము వారి ఆరాధన స్థలములో మరియొక మత ప్రచారము చేయరాదని 2007లో మన రాష్ట్రము చట్టము చేసెను. చట్టము లేకపోయినను సంగతి మారదు. మన గుడిలో ఆరాధన జరుగుచుండగా ఎవరైనను వచ్చి ఇట్లు చేసిన మనకు ఎట్లుండును? రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు మనకు స్వేచ్ఛ నిచ్చినది. అయితే ఎదుటివానిని మతము మార్చు హక్కు దానిలో లేదని 1977లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. దానికి మనము కలవరపడ నక్కరలేదు. హృదయము మార్చుట మన పని అని ప్రభువు ఎన్నడును చెప్పలేదు గదా.

ధైర్యము అను మాటకు అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో మూల గ్రీకు భాషలో నున్న పదమునకు దాచక మాటలాడుట అని అర్థము. కేకలు వేయుట అను అర్థము దానిలో లేదు. పేతురు తన మొదటి పత్రిక 3:15లో చెప్పినదియు ఇదియే. అడుగువానికి జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉండవలెను, సాత్వికముతోను భయముతోను చెప్పవలెను. అడిగినప్పుడు దాచరాదు, చెప్పునప్పుడు గాయపరచరాదు.

ఒక ఉదాహరణ చెప్పెదను. మీ స్నేహితుడు కొండకు పోయి వచ్చి, ఆకులో పొట్లము కట్టిన గోధుమ రవ్వ ప్రసాదమును ప్రేమతో మీ చేతిలో పెట్టును. దానిని అటు తిరిగి కాలువలో పారవేయు కుర్రవానిని నేను చూచితిని. దొంగచాటుగా తిని, ఇంటికి వచ్చి బాధపడినవానిని చూచితిని. ఇద్దరును నోరు విప్పలేదు. 1 కొరింథీయులకు 10:27-29 చదువుడి. చేతులు జోడించి, “నన్ను తలంచుకొని తెచ్చితివి, నీ ప్రేమకు సంతోషము. నేను యేసు ప్రభువునకు చెందినవాడను గనుక దీనిని తీసుకొనలేను, తప్పుగా అనుకొనకు” అని చెప్పుట ఎంతసేపు? స్నేహితుడు చిన్నబుచ్చుకొనవచ్చును. ఎందుకని అడుగవచ్చును కూడ. అడిగిన యెడల మీకు తెలిసిన ఆ ఒక్క సంగతి చెప్పుడి. అన్యుల ఇంట కోడలుగా అడుగుపెట్టిన సహోదరి పరీక్ష దీనికంటె కఠినమైనది. ఆమె దినమునకు మూడు పూటలు ఆ జవాబు చెప్పవలసియుండును. ఆమెను గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఆమె కొరకు ప్రార్థించుడి.

నేను ఇట్లు వ్రాయుచున్నాను గాని, నా సంగతియు ఒకటి ఒప్పుకొనవలెను. ఒకప్పుడు సామర్లకోటలో రైలెక్కి అన్నవరము వచ్చుచు బైబిలు చదువుకొనుచుంటిని. అట్ట వేసిన పుస్తకము. ఎదుట కూర్చున్న పెద్దమనిషి మర్యాదగా “ఏమి పుస్తకమండీ?” అని అడిగెను. “కథల పుస్తకమండీ” అంటిని. ఆయన తల ఊపి కిటికీలోనుండి చూచుచు కూర్చుండెను. నన్ను ఎవరు బెదిరించిరి? ఎవరును లేరు. ఆయన ముఖములో విరోధమేమియు లేదు, ఉత్త కుతూహలమే. పేతురును అడిగిన చిన్నది కూడ ఊరకనే అడిగియుండునని ఆ రాత్రి నాకు తోచెను. తరువాత ఎన్నిమార్లు ఆ రైలెక్కినను ఆ పెద్దమనిషి మరల కనబడలేదు.

అపొస్తలులు బెదిరింపబడి వచ్చిన నాడు సంఘము చేసిన ప్రార్థన 4:29లో ఉన్నది. బెదిరింపులు ఆగిపోవలెనని వారు అడుగలేదు, మాటలాడు ధైర్యమునే అడిగిరి. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు 1912 మొదలు 1945లో ప్రభువునందు నిద్రించువరకు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత, తమ చేయి తమ తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపని యెడల నాకు శ్రమ అను భావము గల మాట చెప్పించుచుండిరి. 1 కొరింథీయులకు 9:16లో పౌలు తన్ను గూర్చి చెప్పుకొనిన మాట అది. వారిలో ఎక్కువమంది చదువురాని కూలివారు.

ఈ నెల కూటము నడిపించువారు ఇట్లు చేయుదురు గాక. అధ్యాయమును ఒకరే చదువక, గ్రుడ్డివాని మాటలు ఒకరు, తలిదండ్రుల మాటలు ఇద్దరు, పరిసయ్యుల మాటలు కొందరు పంచుకొని బిగ్గరగా చదువుడి. తలిదండ్రుల మాటలను వీలైనచో నిజముగా బిడ్డలు గల పెద్దలచేత చదివింపుడి. చదివిన పిమ్మట ఆ పెద్దలను, మీరు మీ బిడ్డలకు నేర్పిన జవాబు ఏదని అడుగుడి. తరువాత యౌవనస్థులను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి, “ఆదివారము ఎక్కడికి పోయితివి?” అను ప్రశ్నకు ఒకరికొకరు జవాబు చెప్పనియ్యుడి. రెండు మూడు వాక్యములకు మించరాదు. కాలేజీ ఫీజు విషయమై ఇబ్బంది పడుచున్నవారు ఉన్నయెడల, అందరి ఎదుట అడుగక, కూటము ముగిసిన తరువాత సంఘ కోశాధికారి వారితో ఏకాంతముగా మాటలాడవలెను.